అరువది గడియలలో ఒక్క గడియ

"పెరటిచెట్టు మందునకు రాదు" అను సామెత మనమందఱము ఎఱిగినదే. చేరువనున్న వస్తువునందు మనకు గౌరవముండదని దాని భావము. వాకిటి ముగ్గు, కుండిలోని మల్లె, గోడవారనున్న చంద్రకాంత మున్నగునవి ఇల్లాలి మనస్సును సేదదీర్పగల సాధనములు. ఇవన్నియు కంటి యెదుటనే యున్నను, వీనివలన ఆరోగ్యమును ఆనందమును కలుగునని మనలో ననేకులు తలంపరు. మనస్సు అలసినప్పుడు యాత్రకు పోవలెననియో, క్రొత్త చీర కొనవలెననియో, చేతిలోని ఫోనులో ఏదేని చూడవలెననియో తోచునే కాని, పెరటివైపు చూపు పోదు.

మన పెద్దలు పగలును రాత్రియు కలిపి అరువది గడియలుగా విభజించిరి. గడియ యనగా 24 నిమిషములు. ఇల్లాలు తన యరువది గడియలను లెక్కవేసికొని చూచినయెడల వంటకెన్ని, పిల్లల చదువులకెన్ని, వృద్ధుల సేవకెన్ని, ఉద్యోగము కలదేని కార్యాలయమునకెన్ని, నిద్రకెన్ని అని చెప్పగలదు. "మఱి నీకొఱకెన్ని?" అని యడిగినచో మాత్రము ఆమె నవ్వి యూరకుండును. ఆ నవ్వు వెనుకనున్న అలసటను గూర్చియే ఈ మాసము నాలుగు మాటలు వ్రాయ దలంచితిని. నేను కోరునది అధికము కాదు. అరువదింటిలో ఒక్క గడియ. దానిని ఒక మొక్కకో, ఒక ముగ్గుకో, ఒక చిత్రమునకో యిచ్చి, ఎవ్వరికిని లెక్క చెప్పనక్కఱలేని సొంత సొత్తుగా నుంచుకొనవలెను. ఇట్టి గడియ దేహమునకు అన్నమెట్లో మనస్సునకు అట్లు అవసరమని చెప్పుటయే నా యుద్దేశము.

ముగ్గు నేర్పిన పాఠము

ఈ మాట క్రొత్తది కాదు. మన అమ్మమ్మలును నాయనమ్మలును దీనికి పేరు పెట్టకయే పాటించిరి. తెల్లవాఱకముందే లేచి, వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గుగిన్నె చేతబట్టి వంగిన యా కొంతసేపు ఇంటిలో నింకెవ్వరును మేల్కొనరు గనుక ఆమె నెవ్వరును పిలువరు. చుక్కలు లెక్క తప్పక పెట్టవలెను. ఒక్క చుక్క తప్పినను మెలిక కుదురదు. కావున మనస్సు నిన్నటి మాటలను, రేపటి ఖర్చులను విడిచి వ్రేళ్లకొనలకు వచ్చి నిలుచును. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండి సన్నగా జాఱుచుండ గీత సాగును.

ముగ్గునందు మఱియొక విశేషము కలదు. అది నిలుచునది కాదు. బియ్యపుపిండితో పెట్టినది చీమలకును పిచ్చుకలకును ఆహారమగును. రాతిపిండితో పెట్టినది మధ్యాహ్నమునకు త్రొక్కుడుపడి చెదరును. మఱునాటి యుదయమున మరల క్రొత్త ముగ్గు. పటము కట్టించి గోడకు తగిలింపవలెనను ఆశ లేకయే చేసిన చిత్రకళ యిది. దాని సుఖము పెట్టుచున్నంతసేపే, అంతతో తృప్తి. ధనుర్మాసమున ఈ కళ నిండు వికాసము పొందును. నెల పొడుగున వాకిళ్లలో ముగ్గులు, వాని నడుమ గుమ్మడిపూలు తుఱిమిన గొబ్బెమ్మలు, సంక్రాంతి వెళ్లుచుండగా రథముముగ్గు. ఆ రథపు త్రాటిని గీతగా సాగదీసి పొరుగింటి రథముతో కలుపు ఆచారము కలదు. ఒక్క పిండిగీత వీథిలోని స్త్రీలనందఱను ఒకరికొకరిని చుట్టములుగా చేయును.

తెలంగాణమున భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిది దినములు జరుగు పండుగను చూచినవారికి ప్రకృతియు కళయు వేర్వేఱు కావని బోధపడును. తంగేడును గునుగును తోటమాలి పెంచిన పూలు కావు. వానలకు బీళ్లలోను గట్లమీదను తమంత తాము పూచునవి. వానిని కోసి తెచ్చి, గునుగునకు రంగులద్ది, బంతి, కట్ల మొదలగు పూలతో వరుసలుగా పేర్చి, చుట్టును చేరి పాడి, తుదకు నీటిలో విడుచుదురు. 2014వ సంవత్సరమున ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము ఈ పండుగను రాష్ట్రపండుగగా ప్రకటించినది. ఆ గౌరవమునకు ఎంతయో ముందునుండియే స్త్రీలు దీనిని తమకై తాము నిలుపుకొని వచ్చిరి.

నేడు పట్టణములలో వాకిలి యన తలుపు ముందరి నాలుగు రాతిపలకలు. అచ్చువేసిన ముగ్గును వానిపై అంటించి తలుపు వేసికొనుచున్నాము. నేను దీనిని నిందింపను. తెల్లవాఱుసరికే పాఠశాల బండి వచ్చి నిలుచు ఇంటిలో చుక్కలముగ్గునకు తీరిక యెక్కడిది? అయితే అంటించిన ముగ్గువలన వాకిటికి అలంకారము దక్కినదే కాని, ఇల్లాలికి ఆ ప్రొద్దుటి నిశ్శబ్దము దక్కలేదు. ఆ నిశ్శబ్దమును మఱియొక వేళను, మఱియొక రూపమున తిరిగి సంపాదించుకొనవలసి యున్నది.

శాస్త్రజ్ఞులు కనుగొనినది

"మొక్కను చూచినంతమాత్రమున ఆరోగ్యమెట్లు కలుగును?" అని కొందఱు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. 1984వ సంవత్సరమున రోజర్ ఉల్రిక్ అను అమెరికా దేశపు పండితుడు 'సైన్స్' అను శాస్త్రపత్రికలో ఒక చిన్న పరిశోధనను ప్రకటించెను. పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఒక వైద్యశాలలో 1972 మొదలు 1981 వఱకు పిత్తాశయమునకు శస్త్రచికిత్స పొందిన రోగుల లెక్కలను ఆయన పరిశీలించెను. వయస్సు మొదలగు విషయములలో ఒకరికొకరు పోలినవారిని 23 జంటలుగా కూర్చెను. జంటలో ఒకరి గది కిటికీనుండి చెట్లు కనబడును. రెండవవారి కిటికీ కెదురుగా ఇటుకగోడ. చెట్లు కనబడు గదులలోనివారు మొత్తముమీద త్వరగా ఇంటికి పోగలిగిరి. నొప్పి నణచు తీవ్రమైన మందులను తక్కువగా పుచ్చుకొనిరి. వారు చెట్టు నాటలేదు, నీరు పోయలేదు, ఊరక చూచిరి.

చేతితో పని చేసినవారి సంగతి యేమి? 2011లో నెదర్లాండ్సు దేశపు పరిశోధకులు తోటమడులు పెంచుకొనువారు 30 మందిని పరీక్షించిరి. మొదట వారిచే మనస్సును కలవరపఱచు పని నొకదానిని చేయించి, పిమ్మట అరగంటసేపు కొందఱిని తోటపనికిని, కొందఱిని లోపల కూర్చుండి చదువుకొనుటకును నియమించిరి. కలవరము కలిగినప్పుడు దేహమున హెచ్చు కార్టిజాల్ అను రసము రెండు తెగలవారిలోను తగ్గినది. తోటపని చేసినవారిలో మఱింత తగ్గినది. వారి మనస్సు పూర్తిగా తేఱుకొన్నది. చదువుకొనినవారి మనస్సు అట్లు తేఱుకొనలేదు. ముప్పదిమందిని పరీక్షించి లోకమునంతటిని గూర్చి తీర్పు చెప్పరాదు. అయినను ఆ అరగంట మన గడియకంటె ఆఱు నిమిషములే హెచ్చని గమనింపుడు.

కళల విషయమును ఇట్టిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి యూరపు విభాగము 2019లో ప్రకటించిన నివేదిక 3,000కు మించిన పరిశోధనలను ఆధారముగా గొని, చిత్రలేఖనము, సంగీతము, నృత్యము మొదలగునవి ఆరోగ్యమును కాపాడుకొనుటకును, వ్యాధి వచ్చినపుడు కోలుకొనుటకును తోడ్పడునని తెలిపినది.

దీనికి ఇల్లాలి యనుభవములోనే ఒక కారణము కానవచ్చును. ఇంటిపనులలో చాలవఱకు ఒకేసారి నాలుగిటిపై దృష్టి నిలుపవలసినవి. పొయ్యిమీద పాలు, తలుపు చప్పుడు, పిల్లవాని యేడుపు, ఫోను గంట. మనస్సు నాలుగు వైపులకు చీలి దినమంతయు లాగబడుచుండును. మొక్కయొద్ద నున్నప్పుడు దృష్టి ఒక్కచోట మెల్లగా నిలుచును. ఆకు మనలను తొందరపెట్టదు. మొగ్గ మనయందు తప్పులెన్నదు.

డెబ్బదిరెండవ యేట విరిసిన పూలు

"వయస్సు మీఱినది, ఇప్పుడేమి నేర్చుకొందును?" అనువారికి ఇంగ్లండు దేశపు స్త్రీ యొకామె చరిత్ర చెప్పెదను. మేరీ డిలేనీ 1700వ సంవత్సరమున జన్మించెను. పదునేడేండ్ల ప్రాయమున ఆమెను దాదాపు అరువదియేండ్ల భూస్వామికి బంధువులు కట్టబెట్టిరి. ఆ కాపురమున సుఖము లేదు. కొన్ని యేండ్లకు భర్త మరణించెను. 1743లో ఆమె తన యిష్టముచొప్పున డాక్టరు డిలేనీ యను మతాచార్యుని పెండ్లాడి ఐర్లండులో కాపురముండెను. ఆయనకు తోటలన్న ప్రీతి; ఆమెకు చిత్రలేఖనమును కుట్టుపనియు ప్రీతి. 1768లో ఆయనయు మరణించెను. అరువదియెనిమిదేండ్ల వయస్సున, సంతానము లేని యా వృద్ధురాలు దుఃఖముతో మిగిలిపోయెను.

అటుపిమ్మట నాలుగేండ్లకు, 1772లో, ఒకనాడు ఆమె బల్లమీద ఎఱ్ఱని కాగితపు తునకయు జెరేనియం పూరేకును ఒక్కచోట కనబడెను. రెండింటి యెఱుపును ఒక్కటే. ఆమె కత్తెర చేబట్టి ఆ కాగితమును రేకులుగా కత్తిరించి పువ్వుగా అంటించెను. చూచిన స్నేహితురాలు దానిని నిజమైన పువ్వే యనుకొనెనని చెప్పుదురు. అది మొదలు పదియేండ్లు ఆమె ఈ పని విడువలేదు. నల్లని రంగు పూసిన కాగితముపై సన్నని రంగుకాగితపు ముక్కలను ఒకదానిపై నొకటి అంటించి, కాడ, ఈనె, కేసరము సహితముగా ఒక్కొక్క మొక్కను నిలిపెను. ఒక్కొక్క పువ్వునకు వందలకొలది ముక్కలు పట్టినవియు కలవు. ప్రతిదానిక్రిందను శాస్త్రనామము, చేసిన తేది, స్థలము వ్రాసికొనెను. ఇంగ్లండు రాజు తన క్యూ ఉద్యానమునుండి ఆమెకు క్రొత్త మొక్కలను పంపించుచుండెను. 1782లో చూపు మందగించి పని నిలుపునాటికి అట్టి పూలు దాదాపు 1,000 సిద్ధమైనవి. ఆమె 1788లో గతించెను. ఆ కాగితపు పూలు 1897 నుండి లండనులోని బ్రిటిష్ మ్యూజియమున భద్రముగా నున్నవి.

సోదరీ! ఆమెకు లభించిన తీరికయు, రాజాశ్రయమును మనకు లేకపోవచ్చును. కాని యామెను దుఃఖమునుండి లేవనెత్తినది చూపు. ఒక పువ్వును అంటింపవలెనన్న ముందు దాని రేకులెన్ని, ఏ రేకు దేనిపై నున్నది, కాడ ఎచ్చట వంగినది అని చూడవలెను గదా. జడలో తుఱుముకొనిన పూలను మనము నిత్యము చూచుచునే యున్నాము. మల్లె కెన్ని రేకులని యడిగినచో మనలో నెందఱు చెప్పగలరు?

ఒక గడియకు తగిన తోట

ఒక్క గడియలో చక్కబెట్టుకొనదగిన తోటయే మనకు తగినది. మూడు కుండీలతో మొదలిడుడు. ముందుగా మీ వసారాలో ఎండ ఎన్ని గంటలు పడునో రెండు మూడు దినములు గమనింపుడు. నాలుగైదు గంటలు ఎండ తగులుచోట మల్లె, బంతి, మందారము, తులసి సుఖముగా పెరుగును. ఎండ చాలనిచోట తమలపాకు తీగ, మనీ ప్లాంటు పెంచవచ్చును. కుండి అడుగున రంధ్రముండి తీరవలెను. దానిపై పెంకుముక్క నుంచి, ఎఱ్ఱమట్టి, బాగుగా మాగిన పశువుల యెరువు, కొంచెము ఇసుక కలిపి నింపుడు. నీరు పోయుటకు ముందు వ్రేలిని కణుపులోతు మట్టిలో దించి చూడుడు; తడి తగిలినచో ఆనాడు నీరక్కఱలేదు. నీరు లేక చచ్చు మొక్కలవలెనే ప్రేమతో మితిమీఱి పోసిన నీటివలన వేళ్లకు గాలి యాడక చచ్చు మొక్కలును పెక్కులు.

తొలిసారి నాటువారు మెంతులతో ప్రారంభించుట మంచిది. రాత్రి నానవేసి ఉదయమున చల్లినచో మూడు నాలుగు దినములలో మొలకలు తలయెత్తును; మూడు వారములకు కూరకు వచ్చును. ఎదురుచూచు ఓర్పు ఇంకను అలవడనివారికి ఇది ధైర్యమిచ్చును. రెండవ కుండీలో చంద్రకాంత. సాయంకాలము ఎండ తగ్గుచుండగా విచ్చును గనుక పగలంతయు ఉద్యోగమునకు పోవువారికి సైతము కనులపండుగ చేయును. ఒక్క చెట్టునందే వేర్వేఱు రంగుల పూలును, ఒక్క పువ్వునందే రెండు రంగుల చాఱలును కొన్నిటికి కానవచ్చును. దాని గింజలు మిరియములవలె నుండును, విషపూరితములు. పిల్లలు నోటబెట్టుకొనకుండ జాగ్రత్త వహింపుడు. మూడవది మల్లె. కార్తిక మార్గశిరములలో నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, పిమ్మట ఎరువు వేసి తడి పెట్టినచో వేసవిలో మొగ్గ తొడుగును. కత్తిరించిన చెట్టే నిండుగ పూచును.

కుండీలప్రక్కన ఒక చిన్న పుస్తకమును పెన్సిలును ఉంచుకొనుడు. దినమున కొక్క పంక్తి చాలును: "నేడు మూడవ ఆకు వచ్చినది." "చంద్రకాంత నాలుగున్నరకు విచ్చినది." వారమున కొకసారి ఒక ఆకును చూచి బొమ్మ వేయుడు. బొమ్మ మంచిదా చెడ్డదా యను విచారమే వలదు. వాకిటి ముగ్గువలెనే, వేయుచున్నప్పటి సుఖమే దాని ఫలము.

కొన్ని జాగ్రత్తలును చెప్పవలసి యున్నవి. కుండీలక్రింది పళ్లెములలో నీరు నిలువయున్నచో డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమలు అందు పెరుగును. వారమున కొకసారి తప్పక పాఱబోసి తుడువుడు. గన్నేరు అందమైనదే కాని దాని ఆకు, పువ్వు, కొమ్మ సర్వము విషము. పసిపిల్లలున్న యింట వలదు. మట్టిలో ధనుర్వాతమును కలిగించు క్రిములుండును. చేతికి గాయమున్నప్పుడు మట్టి ముట్టకుడు, టీకా వేయించుకొని యుండుడు. మేడ పిట్టగోడమీద కుండీలను నిలుపకుడు.

పని మీద పని కారాదు

ఇక ముఖ్యమైన మాట. ఇల్లాలు మొక్క పెంచుట మొదలిడగానే ఇంటివారు లెక్క వేయ నారంభింతురు. "కరివేపాకు కొనుట తప్పినది, పూజకు పూలు దొరకినవి" అందురు. కొన్నాళ్లకు "పూలింకను కోయలేదేమి? మొక్క ఎండినదేమి?" అని యడుగుదురు. అంతటితో ఆ గడియయు ఇంటిపద్దులో చేరిపోవును. కావున కనీసము ఒక మొక్కనైనను ఎవ్వరికిని ఉపయోగపడనిదానిని పెంచుకొనుడని నా సలహా. అది ఎండినను మిమ్ము నెవ్వరును అడుగరాదు, మిమ్ము మీరును నిందించుకొనరాదు. ఎండిన కుండీలో మఱియొక గింజ వేయుట సులభము. మొగ్గ తొడిగినంతనే ఛాయాచిత్రము తీసి పదుగురికి పంపి వారి మెప్పునకై వేచియుండు అలవాటును కొంచెము దూరముగ నుంచుడు. మెప్పునకు వేచినచో ఆ గడియ పరులదగును.

ఈ పుటను మగవారును చాటుగ చదువుచుందురని వినికిడి. వారికొక విన్నపము. మీ యింటి ఇల్లాలు కుండీయొద్దనో, ముగ్గుయొద్దనో నున్న యా 24 నిమిషములు తలుపు మీరు తీయుడు, పిల్లవానిని మీరెత్తుకొనుడు, ఫోను మీరు పలుకుడు. కోడలు ముగ్గు పెట్టుచుండగా అత్తగారును, అత్తగారు మొక్కయొద్ద నుండగా కోడలును ఒకరినొకరు పిలువకుండుట గొప్ప మర్యాద. పొరుగింటివారికి ఒక మల్లె అంటును, ఒక గుప్పెడు చంద్రకాంత గింజలను ఇచ్చి పుచ్చుకొనుట స్నేహములలో చల్లనైనది.

మొక్క సర్వరోగములకు మందు కాదని కూడ చెప్పవలెను. రెండు వారములకు మించి మనస్సు దిగులుగ నుండుట, నిద్రాహారములు చెడుట, ఏ పనియందును రుచి పుట్టకుండుట, బ్రతుకుమీద విరక్తి కలుగుట సంభవించినయెడల అది సోమరితనము కాదు, జబ్బు. సిగ్గుపడక ఇంటివారితో చెప్పి వైద్యుని చూడవలెను. బ్రతుకుమీద విరక్తి కలిగినచో రెండు వారములు వేచియుండక ఆనాడే చెప్పవలెను. కాలు విఱిగినవారిని చెట్టునీడన కూర్చుండబెట్టి ఊరకుందుమా?

సోదరీమణులారా! వచ్చు మాసమునకు మీ మెంతికుండీ పచ్చబడును. మీకు నచ్చిన వేళ చూచుకొని నేడే ఆ గడియను నిర్ణయించుకొనుడు. ఇంటివారికి ముందుగనే చెప్పుడు. తక్కిన యేబదితొమ్మిదింటిని ఎప్పటివలెనే అందఱకును పంచుచుందురు గాక, ఈ యొక్కటి మాత్రము మీ యొద్దనే యుండవలెను.